తీగలు కావు, తలుపులు

పాడేవాళ్ళ గొంతు పాడైతే ‘వోకల్ కార్డ్స్ దెబ్బతిన్నాయట’ అంటాం. తెలుగు సైన్సు పుస్తకాలు వాటినే స్వరతంత్రులు అంటాయి. తంత్రి అంటే తీగ. దాంతో మనసులో ఒక బొమ్మ ఏర్పడిపోతుంది: వీణకున్నట్టే గొంతుకీ తీగలుంటాయి, బిగిస్తే పైస్థాయి, వదిలితే మంద్రం, మరీ లాగితే పుటుక్కున తెగుతాయి. నిజానికి గొంతులో తీగలేమీ లేవు. ఆ పేరు 1741లో ప్యారిస్‌లో ఒక డాక్టరు పెట్టింది. కంటికి కనబడని ఒక అవయవాన్ని మనిషి ముందు వాద్యాలతో పోల్చుకుని, ఆ తర్వాతెప్పుడో కళ్ళారా చూశాడు. వైద్యచరిత్రలో నాకు బాగా ఇష్టమైన కథ ఇదే.

ముందు ఆ చోటేమిటో చూద్దాం. మెడ ముందు వేలు పెట్టి గుటక వేయండి. పైకి లేచి దిగేదే స్వరపేటిక. ముందువైపు డాలులాంటి మృదులాస్థి, దాని కింద ఉంగరంలాంటిది ఇంకొకటి, ఆ ఉంగరం వెనకభాగం మీద కూర్చున్న రెండు చిన్న ముక్కలు. డాలు లోపలి నుంచి ఆ చిన్న ముక్కల దాకా, చెరోవైపు ఒక మడత. లోపల కండ, పైన మెత్తటి పొరలు. పెద్దవాళ్ళలో పొడవు రెండు సెంటీమీటర్లో, అంతకు అటూ ఇటూనో. ఆ చిన్న ముక్కలు తిరిగినప్పుడల్లా మడతలు దగ్గరవుతాయి, దూరమవుతాయి.

వీటి మొదటి ఉద్యోగం పాట కాదు, కాపలా. మింగేటప్పుడు మడతలు మూసుకుంటాయి, పైనుంచి ఉపజిహ్విక వాలుతుంది, అన్నం ఊపిరితిత్తుల వైపు పోకుండా పక్కదారి పడుతుంది. ఒక్క క్షణం లెక్క తప్పిందా, పొలమారుతుంది. ఎవరో తలుచుకుంటున్నారంటూ ఇంట్లో పెద్దవాళ్ళు నెత్తిమీద తడతారు. బరువెత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేది కూడా ఇక్కడే. ఊపిరితిత్తులున్న చేపలకు మాట లేదు, పాట లేదు, అయినా ఇలాంటి కవాటం ఉంది. గొంతు పలకడమన్నది ఈ కాపలాదారు చాలా ఆలస్యంగా నేర్చుకున్న రెండో విద్య.

ఇదంతా ఇవాళ తెలుసు. రెండో శతాబ్దపు రోమ్‌లో మాట ఎక్కడ పుడుతుందన్న దానిమీదే తగువు. గుండెలోనే అని చాలామంది పండితులు వాదించేవాళ్ళు. మాట ఆలోచన నుంచి వస్తుంది, ఆలోచన గుండెలో ఉంటుంది, అదీ వాళ్ళ లెక్క. గేలెన్ అనే గ్రీకు వైద్యుడు నిండు సభలో ఒక పందిని కట్టేసి, దాని మెడలో వెంట్రుకల్లా సన్నగా ఉన్న నాడుల్ని దారంతో బిగించాడు. పంది గింజుకుంటోంది, అరుపు మాత్రం లేదు. దారం వదిలితే అరుపు తిరిగొచ్చింది. ఆ నాడులు మెదడు నుంచి దిగి, ఎడమవైపుది గుండె దగ్గరి పెద్ద ధమని కిందుగా మలుపు తిరిగి, మళ్ళీ పైకి గొంతు దాకా వస్తాయి. గుండె పక్కదాకా వెళ్ళి కూడా అవి మోసేది మెదడు మాటనే. ఆ తగువు అలా తేలింది. కానీ దానికి ఒక నోరులేని జీవి మూల్యం చెల్లించిందన్న సంగతి చదివిన ప్రతిసారీ గుచ్చుకుంటుంది.

గేలెన్‌కు గొంతు ఒక ఊదే వాద్యంలా తోచింది. మడతల మధ్య సందుకు ఇవాళ్టికీ డాక్టర్లు వాడే ‘గ్లాటిస్’ అన్న పేరు గ్రీకులో ఊదే వాద్యపు నోటిదగ్గర పెట్టే రెల్లు నాలుకది. మనకిది వింతగా అనిపించక్కర్లేదు. గొంతునీ పీక అంటాం, జాతర్లో పిల్లలు ఊదేదాన్నీ పీకే అంటాం.

పీకను తీగగా మార్చినవాడు ఆంట్వాన్ ఫెర్రాన్. శవాల స్వరపేటికలు తీసి, కింది నుంచి గాలి ఊదితే అవి పలికాయి. 1741లో ప్యారిస్ సైన్స్ అకాడమీకి ఆ సంగతి నివేదిస్తూ ఆయన ఆ మడతల్ని వయోల్ వాద్యపు తీగలతో పోల్చాడు, గాలిని కమానుతో పోల్చాడు. ‘స్వరతంత్రులు’ అన్న పేరు అప్పుడు పుట్టింది. పోలిక అందంగా ఉంది, కాబట్టే నిలిచిపోయింది. కానీ తీగ రెండు కొసల దగ్గరే కట్టి ఉంటుంది. మడత అలా కాదు, పక్కనున్న గోడకు పొడవునా అతుక్కునే ఉంటుంది. పైగా రెండు సెంటీమీటర్ల తీగతో ఒక మగగొంతు మంద్రాన్ని పలికించగలరా?

ఇక్కడిదాకా చూసినవాళ్ళంతా చచ్చిన గొంతునో, కోసిన గొంతునో చూశారు. బతికున్న మనిషి పాడుతుండగా చూడాలని లండన్‌లో బాబింగ్టన్ అనే డాక్టరు 1829లోనే అద్దాలతో ప్రయత్నించాడు గానీ, అది వాడుకలోకి రాలేదు. ఆ పని సాధించింది డాక్టరు కాదు, పాట మాస్టారు. మాన్యుయెల్ గార్సియా తండ్రి పేరున్న టెనర్, చెల్లెళ్ళు మారియా మాలిబ్రాన్, పాలీన్ వియార్డో యూరప్‌ను ఊపేసిన గాయనులు. ఆయన గొంతు మాత్రం చిన్న వయసులోనే దెబ్బతింది. వేదిక వదిలి పాఠాలు చెప్పుకున్నాడు. 1841లో జెన్నీ లిండ్ అరిగిపోయిన గొంతుతో వస్తే, ముందు కొన్ని వారాలు నోరు మెదపొద్దన్నాడు. ఆ తర్వాతే పాఠం. తెగిన తీగకు విశ్రాంతి ఇస్తే అతుక్కోదు. అలిసిన కండా, వాచిన పొరా మాత్రం కోలుకుంటాయి. జెన్నీ లిండ్ కోలుకుంది, ప్రపంచ ప్రసిద్ధురాలైంది.

1854లో ప్యారిస్‌లో నడుస్తూ, కిటికీ అద్దాల మీద ఎండ తళుక్కుమనడం చూసి గార్సియాకు ఆలోచన తట్టిందట. పొడుగు కాడ ఉన్న పంటి డాక్టర్ల అద్దం ఒకటి కొన్నాడు. ఆవిరి పట్టకుండా వేడినీళ్ళలో ముంచి, కొండనాలుకకు ఆనించి, చేతి అద్దంతో ఎండను లోపలికి మళ్ళించాడు. తన గొంతు తనకే కనబడింది. 1855లో లండన్ రాయల్ సొసైటీకి వివరాలు పంపాడు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: సందు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, గాలి విడతలు విడతలుగా బయటపడుతుంది, ఆ విడతలే స్వరం. అంటే ఇక్కడ మోగుతున్నది తీగ కాదు, తలుపు సందులో ముక్కలవుతున్న గాలి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్ళలో సెకనుకు నూరు పైచిలుకు, ఆడవాళ్ళలో సుమారు రెండు వందలు, అన్నిసార్లు ఈ తలుపు కొట్టుకుంటుంది. ప్రతి దెబ్బకీ మెదడు ఆజ్ఞ అక్కర్లేదు. మెదడు మడతల్ని దగ్గరికి చేరుస్తుంది, మిగతాది గాలి ఒత్తిడీ, మడతల సాగే గుణమూ చూసుకుంటాయి. ఫెర్రాన్ ఊదితే శవం గొంతు పలకడానికి కారణం అదే.

ఈ తలుపు ఊహ మనకు మరీ కొత్తది కాదు. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే తైత్తిరీయ శాఖకు ఒక ప్రాతిశాఖ్యం ఉంది. కంఠం మూసుకుంటే నాదం, తెరుచుకుంటే శ్వాస, రెంటికీ మధ్య ఉంటే హకారం అంటుందది. దాని కర్తలు మడతల్ని చూసి ఆ మాట అన్నారని నేననను. వాళ్ళ దగ్గర అద్దం లేదు, ఉన్నవి చెవీ, సొంత గొంతూ. కానీ వాళ్ళు ఎంచుకున్న మాటలు మూయడం, తెరవడం. బడిలో విసుగ్గా బట్టీపట్టిన పరుషాలూ సరళాలూ ఇదే తేడా. గొంతు మీద చెయ్యి పెట్టి ‘ప్ప్’ అనండి, ‘బ్బ్’ అనండి, వణుకు ఎక్కడుందో తెలిసిపోతుంది. సరళాదేశంలో పూచెను పక్కన చేరిన కలువలు గలువలవుతాయి. ముందున్న అచ్చు తాలూకు నాదం ఆగకుండా తర్వాతి హల్లులోకి సాగిపోవడమే అది.

ఇంతా చేసి, పేరులో ఏముందంటారా? గార్సియా అద్దం వియన్నా డాక్టర్ల చేతికొచ్చాక గొంతు కాన్సర్ బతికుండగానే కనబడసాగింది. 1873 చివర్లో అక్కడే బిల్‌రోత్ ఒక రోగికి కాన్సర్ పట్టిన స్వరపేటికను మొత్తంగా తీసేశాడు. ఆయన శిష్యుడు గుస్సెన్‌బాయర్ అతనికి ఒక కృత్రిమ గొంతు చేసిపెట్టాడు. అందులో అమర్చింది తీగ కాదు, లోహపు రీడ్. అంటే పీకే! ఆ రోగి దాంతో మాట్లాడాడు, కొన్ని నెలలకు జబ్బు తిరగబెట్టి పోయాడు.

ఇప్పుడు ఇంగ్లీషులో డాక్టర్లు కార్డ్స్ అనడం తగ్గించి ఫోల్డ్స్, అంటే మడతలు, అంటున్నారు. తెలుగులో మనం ఇంకా 1741లోనే ఉన్నాం. రోజంతా క్లాసులు చెప్పే టీచర్లూ, కాల్ సెంటర్లలో షిఫ్టులు చేసేవాళ్ళూ గొంతు బొంగురుపోతే ఇంకాస్త బిగించి మాట్లాడతారు, తీగను శ్రుతి చేస్తున్నట్టు. వాచిన మడతలకు కావలసింది నీళ్ళూ, మౌనమూ. మూడు వారాలైనా తగ్గకపోతే, అద్దం పెట్టి చూసే డాక్టరు.