పాపం ఎవరిది: బ్రిటన్ రాజ ప్రకటనల్లో ఉపవాస ప్రార్థన దినాలు

దేశానికి ఆపద వచ్చినప్పుడు ప్రజలందరూ ఒకే రోజున పనులు మాని, ఉపవాసముండి, పాపాలు ఒప్పుకొని దైవక్షమ వేడుకోవాలని రాజు ఆజ్ఞాపించే ఆచారం ఇంగ్లండులో 11వ శతాబ్దం తొలినాళ్ల నుంచి 19వ శతాబ్దం మధ్య వరకు పలు రూపాల్లో కనిపిస్తుంది. దీనికి ఆదర్శంగా బోధకులు చూపిన పాత నిబంధన కథ తెలుగు బైబిలు పాఠకులకు తెలిసినదే: యోనా ప్రవక్త హెచ్చరిక చెవినబడగానే నీనెవె రాజు సింహాసనం దిగి, గోనెపట్ట కట్టుకొని బూడిదలో కూర్చున్నాడు, పశువులు సైతం మేత ముట్టరాదని చాటించాడు. ఆ కథలో ప్రజలతో పాటు రాజూ తలవంచాడు. ఇంగ్లండు ప్రకటనల్లో మాత్రం రాజు ఒప్పుకొన్నది ఎక్కువగా ప్రజల పాపాలనే. ఆ ఆచారానికి అధికారాన్ని ఇచ్చినదీ, చివరకు దాన్ని నవ్వులపాలు చేసినదీ ఈ తేడాయే.

1009లో థోర్కెల్ నాయకత్వాన వైకింగులు, అంటే ఉత్తర సముద్రం దాటి వచ్చి తీరప్రాంతాలను దోచుకొనే స్కాండినేవియా యోధులు, ఇంగ్లండుపై విరుచుకుపడినప్పుడు ఎథెల్‌రెడ్ రాజు బాత్ పట్టణంలో ఒక శాసనం వెలువరించాడు. సెప్టెంబరు చివర వచ్చే మిఖాయేలు పండుగకు ముందు సోమ, మంగళ, బుధవారాలు ప్రజలందరూ రొట్టె, ఆకులు, నీళ్లతో సరిపెట్టుకొని, చెప్పులు లేకుండా చర్చికి నడవాలని అది ఆదేశించింది. ఆ మూడు రోజులు బానిసలకు పని నుంచి విడుపు దొరికింది గాని, ఉపవాసం తప్పితే వారికి కొరడా దెబ్బలు, స్వతంత్రులకు హోదానుబట్టి జరిమానా విధించారు. పశ్చాత్తాపం మనసుకు సంబంధించినదన్న ఆలోచన ఆ శాసన రచయితలను అంతగా కలవరపెట్టినట్టు లేదు.

ఎనిమిదవ హెన్రీ 1534లో పోప్ అధికారాన్ని తోసిపుచ్చి ఇంగ్లండు చర్చికి తానే అధిపతి కావడంతో, ప్రార్థనకు పిలుపునివ్వడం నేరుగా రాజుగారి వ్యవహారమైంది. ఫ్రాన్సు, స్కాట్లండులతో యుద్ధం నడుస్తున్న 1544లో ఆర్చిబిషప్ క్రాన్మర్ ఇంగ్లీషులో కూర్చిన లిటనీ, అంటే పాదిరి ఒక్కొక్క విన్నపం చదవగా జనం బదులు పలికే ప్రార్థన, ఇలాంటి అవసరానికే పుట్టింది. 1563లో లండన్‌ను ప్లేగు కబళిస్తున్నప్పుడు ఎలిజబెత్ ప్రభుత్వం అచ్చువేయించిన ప్రార్థనా క్రమం ఒంటిపూట భోజనం చేయాలని, మిగిలినది పేదలకు పంచాలని చెప్పింది. అచ్చుయంత్రం వచ్చాక దేశమంతటా పారిష్‌లలో, అంటే చర్చి పరిపాలనలోని చిన్న విభాగాల్లో, ఒకే రోజున ఒకే మాటలు వినిపించే వీలు కలిగింది. పత్రికలు లేని ఆ కాలంలో రాజు మాట ఊరూరికీ చేరడానికి ఇంతకు మించిన సాధనం లేదు.

అయితే ఆ సాధనం రాజు చేతిలోనే ఉండాలన్న నియమమేమీ లేదని అంతర్యుద్ధం తేల్చింది. 1641 చివర ఐర్లండులో తిరుగుబాటు చెలరేగగా, ఒకటవ చార్లెస్ 1642 ఆరంభంలో ప్రతి నెలా చివరి బుధవారం ఉపవాస దినంగా ప్రకటించాడు. ఆ ఏడాదే రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలై, రాజు నియమించిన ఉపవాసం పార్లమెంటుకు ఆయుధమైంది. ఫిబ్రవరి ఉపవాస దినాన సభ్యుల ఎదుట ప్రసంగించిన బోధకుడు స్టీఫెన్ మార్షల్, దేవుని యుద్ధానికి తోడురాని మేరోజు పట్టణానికి తగిలిన శాపాన్ని గుర్తుచేసి, తటస్థంగా ఉండేవారికీ అదే గతి అని హెచ్చరించాడు. చార్లెస్ 1643 అక్టోబరులో ఆ బుధవారాన్ని నిషేధించి, నెలలో రెండవ శుక్రవారాన్ని నిర్ణయించాడు. ఒకే దేశం, ఒకే దేవుడు, రెండు ఉపవాసాలు! 1644లో క్రిస్మస్ చివరి బుధవారమే రావడంతో, పండుగ మాని ఉపవాసమే పాటించాలని పార్లమెంటు శాసించింది. రాజు శిరచ్ఛేదం జరిగిన 1649లోనే నెలవారీ ఉపవాసమూ రద్దయింది. 1660లో రాచరికం తిరిగి వచ్చాక ఆ శిరచ్ఛేదం జరిగిన జనవరి 30వ తేదీయే ఏటేటా ఉపవాస దినమై 1859 వరకు సాగింది.

1703 నాటి మహా తుఫాను తర్వాత ఆన్ రాణి, 1755 లిస్బన్ భూకంపం తర్వాత రెండవ జార్జ్ ఇలాంటి దినాలనే ప్రకటించారు. 1776 డిసెంబరు 13న అమెరికా తిరుగుబాటు అణగాలని బ్రిటన్ ఉపవాసముండగా, అంతకు ముందటి ఏడాది జూలై 20నే అమెరికా వలసల కాంగ్రెసు తన ఉపవాసం తాను పాటించి ఉంది.

కలరా వ్యాపించిన 1832లో మార్చి 21ని ఉపవాస దినంగా ప్రకటించినప్పుడు కథ మారింది. లండన్ కార్మిక సంఘాల నాయకులు విలియం లవెట్, వాట్సన్, బెన్‌బో ఊరేగింపు తీశారు. ఏడాది పొడవునా పస్తులుండే పేదలకు ఉపవాసమెందుకు, ఆ రోజు విందే చేసుకోవాలన్నది వారి వాదం. వారిని అరెస్టు చేశారు గాని న్యాయస్థానంలో నేరం నిలవలేదు. 1853లో కలరా మళ్లీ తలెత్తగా, ఉపవాస దినం కావాలని కోరిన ఎడిన్‌బరో మతపెద్దలకు హోంమంత్రి పామర్‌స్టన్, ముందు పేదల వాడల్లోని మురికిని తొలగించమని, ఆ పని చేయకుంటే ఎన్ని ప్రార్థనలు చేసినా అంటువ్యాధి ఆగదని జవాబిచ్చాడు. మరుసటి ఏడాది క్రిమియా యుద్ధం వచ్చినప్పుడు సందేహం సాక్షాత్తూ సింహాసనం నుంచే వినిపించింది: ఈ యుద్ధం జార్ చక్రవర్తి దురాశవల్ల వచ్చిందే తప్ప, జాతి పాపాలవల్ల వచ్చిందనడం సరికాదని విక్టోరియా రాణి ప్రధాని అబర్డీన్‌కు రాసింది. అయినా 1854 ఏప్రిల్ 26న ఉపవాసం జరిగింది.

చివరి ఉపవాస ప్రకటన భారతదేశానికి సంబంధించినది. సిపాయిల తిరుగుబాటు సాగుతుండగా 1857 అక్టోబరు 7ను ఉపవాస, పశ్చాత్తాప, ప్రార్థన దినంగా పాటించారు; లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో యువ ప్రబోధకుడు స్పర్జన్ మాటలు వినడానికి 23,654 మంది వచ్చారు. ఆ రోజు ప్రసంగాల్లో పాపం ఎవరిదన్న ప్రశ్నకు జవాబుగా ఈస్టిండియా కంపెనీ పేరు తరచుగా వినిపించింది. కాని నల్లమందు వ్యాపారం గురించి కొందరు మాట్లాడినప్పటికీ, చాలామంది బోధకులు ఎత్తిచూపిన దోషం దోపిడీ కాదు. కంపెనీ హిందూ ఆలయాలకు అండగా నిలిచిందని, క్రైస్తవ ప్రచారానికి అడ్డుపడిందని వారి ప్రధాన ఫిర్యాదు. ఇలాంటి ఒత్తిడి అంతకు ముందే తెలుగునేలను తాకింది: 19వ శతాబ్దం తొలినాళ్ల నుంచి తిరుమల ఆలయ నిర్వహణ చూస్తూ, మిగులు ఆదాయాన్ని ఖజానాకు చేర్చుకొన్న కంపెనీ, స్వదేశంలో మతవాదుల నిరసన పెరగడంతో 1843లో దాన్ని హాథీరాంజీ మఠం మహంతుకు అప్పగించింది. తిరుగుబాటు అణగినందుకు 1859 మే 1న కృతజ్ఞతా దినం జరిపారు.

ఆ తర్వాత బ్రిటన్‌లో ఏ రాజూ ఉపవాసాన్ని ప్రకటించలేదు. 1866లో పశువులకు మహమ్మారి సోకినప్పుడు ప్రత్యేక ప్రార్థనలతో సరిపెట్టారు. ఆరవ జార్జ్ కోరికపై 1940 మే 26 ఆదివారం జరిగిన జాతీయ ప్రార్థన దినాన చర్చిలు కిక్కిరిశాయి. డన్‌కర్క్ తీరం నుంచి సేనల తరలింపు ఆ సాయంత్రమే మొదలై, జూన్ 4 నాటికి 3,38,000 మందికి పైగా సైనికులు బయటపడ్డారు. పిలుపు రాజుదే అయినా, ఆ రోజు పనులు మానమని గాని, భోజనం మానమని గాని ఆజ్ఞ లేదు.