నరసాపురము లేసు: తెలియరాని నడిమి శతాబ్దము

నరసాపురము లేసు పరిశ్రమను గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు ఘట్టములనే వర్ణింతురు: మిషనరీలు మన స్త్రీలకు అల్లిక నేర్పుట మొదటిది, వారి యిండ్లకు సెల్‌ఫోను వచ్చుట రెండవది. నైపుణ్యమెల్ల బయటివారి దానమేయన్న భావమును కలిగించు ఈ కథనము నాకు సమ్మతము కాదు.

తొలిదశ సుపరిచితమే. 1844 ప్రాంతమున స్కాట్లండు నుండి వచ్చిన మిషనరీలైన మాక్రే దంపతుల పేర ఆరంభమును చెప్పుట వాడుక. పిదప అల్లిక క్రైస్తవ కుటుంబములను దాటి ఇతర కులముల స్త్రీలకు వ్యాపించినది. సరకు వర్తకుల ద్వారా విదేశములకు పోయినది.

విచారింపదగినది 1970 తరువాతి ఎగుమతి కాలము. ఆ దశాబ్దాంతమున ఇచట పరిశోధన జరిపి, జర్మను సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రకటించిన గ్రంథము, దినమునకు పెక్కు గంటలు అల్లుచున్న స్త్రీలను సమాజము గృహిణులుగా మాత్రమే చూచినదనియు, ఆ శ్రమను తీరిక వేళ వ్యాపకముగా ఎంచి స్వల్పమైన కూలితో సరిపెట్టినదనియు నిరూపించినది. నా దృష్టిలో అంతకన్న ముఖ్యమైనది పని విభజన. పూవులల్లునది ఒకతె, వానిని అతుకునది మరియొకతె. దారము తెచ్చి సరకు కొనిపోవు ఏజెంటు వేరు. పరదేశపు కొనుగోలుదారు నెరిగిన వర్తకుడు వేరు. తల్లి కూతురికి, ఇరుగమ్మ పొరుగమ్మకు అల్లికను దాపరికము లేక నేర్పిరి; కాని ధరయు, గిరాకీయు, కొనువాని చిరునామాయు మాత్రము వారి గడప తొక్కలేదు. విభజన వలన కొత్తవారు త్వరగా పనిలో చేరగలిగిరనియు, పెద్ద ఎగుమతులు సాధ్యమైనవనియు ఒప్పుకొనవలసినదే. అయినను నమూనాను ఆద్యంతము ఎరుగని చేయి కొత్త నమూనాను కల్పించుట దుష్కరము. నూతన కల్పన కొరవడుటకు కారణము స్త్రీల అజ్ఞానము కాదు, జ్ఞానమును ముక్కలు చేసిన ఈ ఏర్పాటేయని నేను తలంతును.

నేటి స్థితి నాకు పూర్తి సంతోషము నీయదు. 2024లో లభించిన భౌగోళిక సూచిక (జి.ఐ.) గుర్తింపు నరసాపురము పేరును యంత్రపు లేసు నుండి కొంత కాపాడవచ్చును. కూలిని తనంతట పెంచజాలదు. యూట్యూబులో సంపూర్ణమైన అల్లికను చూచి నేర్చుకొను యువతి, ఆ విభజన హరించిన సమగ్ర జ్ఞానమును తిరిగి పొందగలదు. ఇది నిజమైన లాభము. వాట్సాపు ద్వారా వర్తకుడు పంపిన బొమ్మను అల్లి, అతడు చెప్పిన రేటునే పుచ్చుకొన్నచో మాత్రము, పూర్వపు దారపుకట్ట స్థానమున ఫోను వచ్చినదనియే చెప్పవలెను.

కావున శిక్షణ నిచ్చు సంస్థలును, మహిళా సహకార సంఘములును నమూనాలతో పాటు ఖర్చు కట్టుట, సరకును చక్కగా ఫొటో తీయుట, కొనువానితో నేరుగా మాటలాడుట నేర్పవలెను. ఏ సరకు ఏ ధరకు అమ్ముడుపోయినదో అల్లిన స్త్రీకి తెలుపవలెను.