ఫుడ్ టెక్నాలజీ అంటే వంట కోర్సు కాదు.. బీటెక్‌లో చేరే ముందు తెలుసుకోవాల్సినవి ఇవే

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైతే చాలు.. అందరి చూపూ కంప్యూటర్ సైన్స్ వైపే. ఆప్షన్ల లిస్టులో ఎక్కడో కింద కనిపించే ఫుడ్ టెక్నాలజీని చాలామంది చూసీ చూడనట్టు దాటేస్తుంటారు. ‘వంట నేర్చుకోవడానికి బీటెక్ ఎందుకు?’ అనే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఇంకోవైపు వేరే సీటు రాలేదని ఇందులో చేరిపోయి, రెండో ఏడాదిలో మైక్రోబయాలజీ, హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్లు చూసి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండూ కోర్సు గురించి సరిగ్గా తెలియకపోవడం వల్ల వచ్చే ఇబ్బందులే. అసలు ఫుడ్ టెక్నాలజీలో ఏం చదువుతారు..? సీట్లు ఎక్కడున్నాయి..? ఉద్యోగాల సంగతేంటి..? పూర్తి వివరాలు ఇవి.

మయోనైజ్‌తో అర్థమయ్యే సబ్జెక్ట్

2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌పై ఏడాదిపాటు నిషేధం విధించిన విషయం తెలిసిందే. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది. వేడి చేస్తే అది చస్తుంది. కానీ బాగా వేడి చేస్తే గుడ్డు గడ్డకట్టి ఉడికిపోతుంది, ఇక మయోనైజ్ రాదు. మరి ఫ్యాక్టరీలు ఏం చేస్తాయి? పగలగొట్టిన గుడ్డు ద్రవాన్ని సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని నిమిషాలపాటు ఉంచి పాశ్చరైజ్ చేస్తాయి. బ్యాక్టీరియా చస్తుంది, గుడ్డు మాత్రం గడ్డకట్టదు.

ఎంత వేడి, ఎంతసేపు, ఏ యంత్రంలో, ఆ తర్వాత ఎంత చల్లదనంలో నిల్వ.. ఈ లెక్కలే ఫుడ్ టెక్నాలజీ. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేస్తే ప్యాకెట్ పాలు. 135 డిగ్రీలు దాటించి కొన్ని సెకన్లలోనే చల్లార్చి, గాలి చొరబడని ప్యాక్‌లో నింపితే ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవుండే టెట్రా ప్యాక్ పాలు. పాలు అవే.. మారింది టెంపరేచర్, టైమ్, ప్యాకింగ్ మాత్రమే.

నాలుగేళ్లలో ఏం చదువుతారు?

మొదటి ఏడాది మిగతా ఇంజినీరింగ్ బ్రాంచ్‌లతో పెద్ద తేడా ఉండదు. మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, డ్రాయింగ్, కంప్యూటర్ బేసిక్స్ ఉంటాయి. అసలు సబ్జెక్టులు రెండో ఏడాది నుంచి మొదలవుతాయి.

ఫుడ్ కెమిస్ట్రీలో పిండి పదార్థాలు, ప్రొటీన్లు, కొవ్వులు వేడికి, గాలికి, కాలానికి ఎలా మారతాయో చెబుతారు. నూనె ఎందుకు మక్కు వాసన వస్తుంది, కోసిన యాపిల్ ఎందుకు గోధుమ రంగులోకి మారుతుంది లాంటి వాటికి సమాధానాలు ఇక్కడే దొరుకుతాయి. ఫుడ్ మైక్రోబయాలజీలో మేలు చేసే, కీడు చేసే సూక్ష్మజీవుల గురించి ఉంటుంది. వీటికి సమానంగా ఫ్లూయిడ్ మెకానిక్స్, హీట్ అండ్ మాస్ ట్రాన్స్‌ఫర్, రిఫ్రిజిరేషన్, డ్రైయింగ్ లాంటి పక్కా ఇంజినీరింగ్ పేపర్లూ ఉంటాయి. మ్యాథ్స్ అంటే భయపడి ఇటు వచ్చేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

మూడో ఏడాదిలో పాలు, పండ్లు-కూరగాయలు, ధాన్యాలు, మాంసం-చేపలు, నూనెలు, బేకరీ.. ఇలా ఒక్కో రంగానికి ఒక్కో పేపర్ ఉంటుంది. ప్యాకేజింగ్, క్వాలిటీ కంట్రోల్, ఫుడ్ చట్టాలు కూడా చదవాలి. చివర్లో ప్రాజెక్టు, ఫ్యాక్టరీలో ఇన్-ప్లాంట్ ట్రైనింగ్ ఉంటాయి.

ఈ కోర్సులో తరచూ వినిపించే పేరు హాసప్. ఉత్పత్తిలో ప్రమాదం ఏ దశలో రావచ్చో ముందే గుర్తించి, అక్కడే కట్టడి చేసే పద్ధతి ఇది. 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వ్యోమగాముల ఆహారం కోసం మొదలైన ఈ ఆలోచనే ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా ఫుడ్ ఫ్యాక్టరీల్లో అమలవుతోంది. తయారైపోయాక శాంపిల్ పరీక్షించడం కాదు.. తప్పు జరగకుండా ముందే ఆపడం దీని సారాంశం.

పేర్లు చూసి తికమక పడొద్దు

ఫుడ్ టెక్నాలజీ, ఫుడ్ సైన్స్, న్యూట్రిషన్, హోటల్ మేనేజ్‌మెంట్.. నాలుగూ ఒకటే అనుకుంటే పొరపాటే. న్యూట్రిషన్ చదివినవాళ్లు తిన్న ఆహారం శరీరంలో ఏం చేస్తుందో చూస్తారు. ఆసుపత్రుల్లో డైటీషియన్లుగా వెళ్లేది వీళ్లే. హోటల్ మేనేజ్‌మెంట్‌లో వంట, సర్వీసు, అతిథి మర్యాదలు ఉంటాయి. ఫుడ్ టెక్నాలజీ మాత్రం పొలం నుంచి ప్యాకెట్ దాకా జరిగే ప్రాసెసింగ్ గురించి.

డెయిరీ టెక్నాలజీ పాలు, పాల ఉత్పత్తులకే పరిమితమైన వేరే బీటెక్. తిరుపతిలో, కామారెడ్డిలో దీనికి ప్రత్యేక కాలేజీలున్నాయి. బీఎస్సీ ఫుడ్ సైన్స్ మూడేళ్ల డిగ్రీగా చాలాచోట్ల ఉంది. అందులో ల్యాబ్ సైన్స్ పాళ్లు ఎక్కువ, ఇంజినీరింగ్ తక్కువ.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడెక్కడ?

ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలో బాపట్ల, పులివెందులలో ఫుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీలున్నాయి. తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో ఇలాంటి కాలేజీ ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా వర్సిటీ టెక్నాలజీ కాలేజీలో ఫుడ్ ప్రాసెసింగ్ టెక్నాలజీ బీటెక్ ఉంది. గుంటూరు సమీపంలోని వడ్లమూడి విజ్ఞాన్ లాంటి ప్రైవేటు వర్సిటీలూ ఈ కోర్సు నడుపుతున్నాయి.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. వ్యవసాయ వర్సిటీలు తమ సీట్లకు వేరుగా నోటిఫికేషన్ ఇస్తుంటాయి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఒక్కటే చూస్తూ కూర్చుంటే ఆ సీట్లు చేజారిపోవచ్చు. ఎంపీసీ వాళ్లకు ఎన్ని, బైపీసీ వాళ్లకు అవకాశం ఉందా అన్నది కూడా ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. సీనియర్లు చెప్పింది విని వదిలేయొద్దు.

జాతీయ స్థాయిలో..

కేంద్ర ఆహార శుద్ధి పరిశ్రమల మంత్రిత్వ శాఖ కింద రెండు నిఫ్టెమ్‌లు ఉన్నాయి. ఒకటి హర్యానాలోని కుండ్లిలో, రెండోది తమిళనాడులోని తంజావూరులో. 2021లో చేసిన చట్టంతో రెండింటికీ జాతీయ ప్రాధాన్య సంస్థల హోదా దక్కింది. జేఈఈ మెయిన్ ర్యాంకుతో వీటిలో బీటెక్ సీటు పొందొచ్చు. వరి పండే కావేరీ డెల్టాలో ఉండటం వల్ల తంజావూరు సంస్థ ఒకప్పుడు ధాన్యం ప్రాసెసింగ్ పరిశోధన కేంద్రంగానే మొదలైంది.

రూర్కెలా ఎన్ఐటీలో ఫుడ్ ప్రాసెస్ ఇంజినీరింగ్, ముంబై ఐసీటీలో ఫుడ్ ఇంజినీరింగ్ అండ్ టెక్నాలజీ ఉన్నాయి. కోల్‌కతాలోని జాదవ్‌పూర్ యూనివర్సిటీ, కాన్పూర్‌లోని హార్‌కోర్ట్ బట్లర్ వర్సిటీ ఈ రంగంలో పాత పేర్లు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో వ్యవసాయ, ఫుడ్ ఇంజినీరింగ్ కలిసిన బ్రాంచ్ ఉంది. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాల్సిందే.

చాలామంది అడిగే మైసూరు సీఎఫ్‌టీఆర్ఐలో బీటెక్ లేదు. 1950లో మొదలైన ఈ సంస్థ పరిశోధనకు, ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీకి పేరుపడింది. గేదె పాలతో పసిపిల్లల పాలపొడి తయారుచేసే పద్ధతిని దేశానికి ఇచ్చింది ఈ సంస్థే.

ఉద్యోగాల సంగతేంటి?

అసలు ప్రశ్న ఇదే. ఫుడ్ కంపెనీల్లో ప్రొడక్షన్, క్వాలిటీ, కొత్త ఉత్పత్తుల తయారీ, ప్యాకేజింగ్, కొనుగోళ్లు.. ఇలా పలు విభాగాల్లో అవకాశాలుంటాయి. తెలుగు రాష్ట్రాల్లోనే చూస్తే భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు, చిత్తూరు ప్రాంతంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, గుంటూరులో మిర్చి యూనిట్లు, పలాసలో జీడిపప్పు, నిజామాబాద్‌లో పసుపు.. ఎక్కడ పంట ఉంటే అక్కడ ప్రాసెసింగ్ ఉంటుంది.

వీటిలో ఒక్కో చోట ఒక్కో సమస్య. మిర్చి సరిగ్గా ఎండకపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే విదేశాల్లో కంటైనర్‌ను వెనక్కి పంపేస్తారు. ఆ నష్టం చివరికి రైతు ధరపైనే పడుతుంది. ఈ పరీక్షలు చేసేవాళ్లు, సమస్య రాకుండా చూసేవాళ్లు ఆ పరిశ్రమకు తప్పనిసరి.

అయితే.. నాణేనికి రెండో వైపూ చూడాలి. తొలి జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే సాధారణంగా తక్కువే. దీనికి ఒక కారణం ఉంది. ఫుడ్ సేఫ్టీ నిబంధనల ప్రకారం లైసెన్సు ఉన్న తయారీ యూనిట్ ఉత్పత్తిని పర్యవేక్షించేందుకు కనీసం ఒక టెక్నికల్ వ్యక్తిని పెట్టుకోవాలి. కానీ ఆ పనికి ఫుడ్ టెక్నాలజీ వాళ్లే కాదు.. కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లాంటి సబ్జెక్టులతో సైన్స్ డిగ్రీ చేసినవాళ్లూ అర్హులే. అంటే ల్యాబ్‌లో శాంపిల్ టెస్ట్ చేయడం వరకే నేర్చుకున్న బీటెక్ విద్యార్థి బీఎస్సీ వాళ్లతో పోటీ పడాల్సి వస్తుంది. లైన్ మొత్తం అర్థం చేసుకుని, వృథా ఎక్కడ అవుతోందో చెప్పి, కొత్త ప్రొడక్ట్‌ను ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీ స్థాయికి తేగలిగితేనే బీటెక్ విలువ కనిపిస్తుంది.

ఫ్యాక్టరీలు ఎక్కువగా ఊరి బయటే ఉంటాయి. సీజన్‌లో రాత్రి షిఫ్టులు తప్పవు. మామిడి పండ్లు ఆదివారమని ఆగవు కదా! ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగమే కావాలనుకునేవారు చేరేముందే ఆలోచించుకోవడం మంచిది.

ప్రభుత్వ ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి. హోటళ్లు, షాపుల్లో తనిఖీలు చేసే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు ఫుడ్ టెక్నాలజీ డిగ్రీ అర్హతే. అయితే డెయిరీ, బయోటెక్నాలజీ, వ్యవసాయం, వెటర్నరీ, మైక్రోబయాలజీ వాళ్లకూ అదే అర్హత ఉంది కాబట్టి పోటీ గట్టిగానే ఉంటుంది. పైగా ఈ నోటిఫికేషన్లు ఏటా రావు. కేంద్రంలో 2006 చట్టంతో ఏర్పాటైన ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఎగుమతులను చూసే సంస్థలు, పరిశోధన ల్యాబ్‌లు కూడా అప్పుడప్పుడూ నియామకాలు చేపడతాయి. ఒక్క సర్కారీ కొలువునే నమ్ముకుని ఈ కోర్సులో చేరడం రిస్కే.

సొంతంగా యూనిట్ పెడితే..

ఇంటి పచ్చళ్లు, పొడులు, మిల్లెట్ స్నాక్స్ వ్యాపారం పెట్టాలనుకునేవారికి ఈ చదువు బాగా అక్కరకొస్తుంది. ఆవకాయ ఏడాది నిలవుండటానికి కారణం ఉప్పు, మామిడి పులుపు, నూనె కలిసి చేసే పని. ఉప్పు, పులుపు బ్యాక్టీరియాను పెరగనివ్వవు, నూనె గాలి తగలనివ్వదు. కానీ పులుపు లేని వెల్లుల్లిని అలాగే నూనెలో ముంచి బయట నిల్వ ఉంచితే, గాలి లేనిచోట పెరిగే ప్రమాదకర బ్యాక్టీరియా విషం తయారుచేయొచ్చు. రెసిపీ అమ్మమ్మది కావొచ్చు.. వెయ్యి సీసాలు ఒకేలా, సురక్షితంగా రావాలంటే మాత్రం పీహెచ్, తేమ కొలవాల్సిందే.

చిన్న యూనిట్ల కోసం కేంద్రం 2020లో పీఎంఎఫ్ఎంఈ పథకం తెచ్చింది. దీని కింద అర్హమైన ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు రుణంతో ముడిపడిన సబ్సిడీ ఇచ్చేలా రూపొందించారు. చిరుధాన్యాల ఉత్పత్తుల ఆలోచన ఉంటే రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ స్టార్టప్‌లకు సాయం చేస్తోంది.

పై చదువులు

గేట్‌లో ఇంజినీరింగ్ సైన్సెస్, లైఫ్ సైన్సెస్ పేపర్లు రెండింటిలోనూ ఫుడ్ టెక్నాలజీ ఒక సెక్షన్‌గా ఉంది. మ్యాథ్స్ బాగా వచ్చినవాళ్లు మొదటిది, కెమిస్ట్రీ, బయాలజీపై పట్టున్నవాళ్లు రెండోది ఎంచుకోవచ్చు. విదేశాలకు వెళ్లేవారికి నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్, అమెరికాలోని కార్నెల్, యూసీ డేవిస్ ఈ రంగంలో పేరున్న వర్సిటీలు.

సీటు తీసుకునే ముందు ఈ ప్రశ్నలు అడగండి

- కాలేజీలో పైలట్ ప్లాంట్ ఉందా? పాశ్చరైజర్, డ్రైయర్, క్యానింగ్ యంత్రాలు నిజంగా నడుస్తున్నాయా, లేక తాళం వేసి ఉన్నాయా?
- ఇన్-ప్లాంట్ ట్రైనింగ్ ఎన్ని వారాలు? ఫ్యాక్టరీని కాలేజీ చూపిస్తుందా, విద్యార్థే వెతుక్కోవాలా?
- పాఠాలు చెప్పేవాళ్లు ఫుడ్ టెక్నాలజీ చదివినవాళ్లేనా, వేరే బ్రాంచ్ నుంచి సర్దారా?
- గత బ్యాచ్‌లో ఎంతమంది ఫుడ్ కంపెనీల్లో చేరారు? ప్లేస్‌మెంట్ లిస్టులో సాఫ్ట్‌వేర్, సేల్స్ ఉద్యోగాలు కలిపి చూపిస్తున్నారా?
- డిగ్రీ సర్టిఫికెట్‌పై కోర్సు పేరు ఏమని ఉంటుంది? ఉద్యోగ నోటిఫికేషన్లలో అడిగే పేరుతో అది సరిపోతుందా?

వీలైతే కాలేజీకి ఒకసారి వెళ్లి, మూడో ఏడాది విద్యార్థులతో మాట్లాడితే బ్రోచర్‌లో లేని విషయాలు తెలుస్తాయి. కెమిస్ట్రీ ఇష్టం ఉండి, యంత్రాల మధ్య నిలబడి పనిచేసే ఓపిక ఉన్నవారికి ఫుడ్ టెక్నాలజీ మంచి దారి. వేరే సీటు రాలేదన్న ఒక్క కారణంతో చేరితే మాత్రం నాలుగేళ్లు, కట్టిన ఫీజు రెండూ బరువే అవుతాయి.