కాబోయే భర్తను చూడ్డానికి అమెరికా వెళ్తున్నారా? సరిహద్దు దగ్గర అడిగే ప్రశ్నలకు ఎలా సిద్ధపడాలి

పాస్‌పోర్టులో పదేళ్ల బీ1/బీ2 వీసా ఉంది. రానూపోనూ టికెట్ ఉంది. డాలస్‌లో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్న కాబోయే భర్త ఎయిర్‌పోర్టుకు వస్తానన్నాడు. ఇలాంటి ప్రయాణానికి ముందు ఇంట్లో పెద్దవాళ్లు, అమెరికా వెళ్లొచ్చిన బంధువులు, కొన్నిసార్లు వీసా కన్సల్టెంట్లు కూడా చెప్పే మాట ఒకటే ఉంటుంది: "నిశ్చితార్థం సంగతి ఎత్తకమ్మా. పెదనాన్న వాళ్లింటికి వెళ్తున్నానని చెప్పు, చాలు."

ఆ సలహా వెనుక ఉన్న భయం నిజమైనదే. సలహా మాత్రం తప్పు. భాగస్వామిని చూడ్డానికి వచ్చానని నిజం చెబితే, మరీ చెడ్డ పరిస్థితిలో, ఆ రోజుకు ప్రవేశం దొరక్కపోవచ్చు. అబద్ధం చెప్పి దొరికితే జీవితాంతం అమెరికా తలుపు మూసుకుపోవచ్చు.

వీసా ఉన్నంత మాత్రాన

వీసా అంటే అమెరికా సరిహద్దు దాకా వెళ్లి ప్రవేశం అడగడానికి ఇచ్చే అనుమతి. లోపలికి పంపాలా వద్దా అన్నది అక్కడి కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ (సీబీపీ) అధికారి చేతిలో ఉంటుంది. హైదరాబాద్ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ సాఫీగా అయిపోయింది కదా అని ఇక్కడ ధీమాగా ఉండటానికి లేదు. ఈ తనిఖీ అమెరికా గడ్డ మీదే జరగాలనీ లేదు. అబుదాబి మీదుగా ఎతిహాద్‌లో వెళ్లేవారికి అబుదాబి విమానాశ్రయంలోనే అమెరికా అధికారులు ఇమిగ్రేషన్ తనిఖీ పూర్తి చేస్తారు. 2014 నుంచి ఈ ఏర్పాటు ఉంది. నాలుగు గంటల ప్రయాణం తర్వాత, నిద్ర కళ్లతో విమానం మారుతున్న హడావిడిలోనే ప్రశ్నలు మొదలవుతాయన్నమాట.

అధికారి మనసులో ఉండే అనుమానానికి చట్టమే పునాది. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, సందర్శకులుగా వచ్చే ప్రతి ఒక్కరినీ అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వచ్చినవారిగానే మొదట భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది ప్రయాణికులే. హెచ్-1బీ, ఎల్-1 ఉద్యోగులకు, హెచ్-4 మీద వెళ్లే వారి జీవిత భాగస్వాములకు ఈ బాధ లేదు. బీ-2 సందర్శకులకు ఉంది. కాబట్టి "ఎవరిని చూడ్డానికి వచ్చావు?" అన్న ప్రశ్న వెనుక అసలు ప్రశ్న వేరు: తిరిగి వెళ్తావా, లేదా?

నిబంధనలే చోటిచ్చాయి

భాగస్వామిని చూడ్డానికి వెళ్లడమే నేరమన్నట్టు మనవాళ్లు మాట్లాడతారు గానీ, అమెరికా విదేశాంగ శాఖ తన కాన్సులర్ అధికారులకు ఇచ్చిన మార్గదర్శకాలు అలా లేవు. కాబోయే జీవిత భాగస్వామి కుటుంబాన్ని కలవడానికి, నిశ్చితార్థం చేసుకోవడానికి, పెళ్లి ఏర్పాట్లు మాట్లాడుకోవడానికి వచ్చేవారికి బీ-2 ఇవ్వవచ్చని అవి చెబుతాయి. అక్కడే పెళ్లి చేసుకుని, ఆ తర్వాత స్వదేశానికి తిరిగి వెళ్లే ఉద్దేశం ఉన్నా బీ-2 సరిపోతుంది. హెచ్-1బీ లేదా ఎఫ్-1 లాంటి దీర్ఘకాలిక వీసా మీద ఉన్నవారితో పెళ్లి కాకుండానే సహజీవనం చేస్తున్న భాగస్వాములకు కూడా బీ-2 వర్తిస్తుందని ప్రత్యేకంగా పేర్కొన్నారు.

అమెరికా పౌరులకు కాబోయే భార్య లేదా భర్త కోసం ఉన్న కే-1 వీసాకైతే, దరఖాస్తుకు ముందు రెండేళ్లలో ఇద్దరూ ఒక్కసారైనా ముఖాముఖి కలిసి ఉండాలన్నది సాధారణ షరతు. కలవడం తప్పైతే ఈ షరతే ఉండేది కాదు. కే-1 అమెరికా పౌరులకు మాత్రమే పరిమితం. గ్రీన్ కార్డు ఉన్నవారు, హెచ్-1బీ మీద ఉన్నవారు దాని ద్వారా కాబోయే భాగస్వామిని రప్పించుకోలేరు. తెలుగు కుటుంబాల్లో ఎక్కువ సంబంధాలు హెచ్-1బీ అబ్బాయిలతోనో అమ్మాయిలతోనో కుదురుతాయి కాబట్టి, పెళ్లికి ముందు ఒకసారి వెళ్లి చూడాలంటే మిగిలే దారి దాదాపుగా బీ-2 ఒక్కటే.

కంపెనీ పని మీద రెండేళ్ల కిందట తీసుకున్న బీ1/బీ2 మీద ఇప్పుడు కాబోయే భర్తను చూడ్డానికి వెళ్లవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. వెళ్లవచ్చు. దరఖాస్తు చేసిన రోజున డీఎస్-160లో రాసింది నిజమైతే, ఆ తర్వాత కుదిరిన సంబంధం దాన్ని అబద్ధం చేయదు. కొత్తగా దరఖాస్తు చేసేవారు మాత్రం గమనించాల్సిన విషయం ఒకటుంది. అమెరికాలో దగ్గరి బంధువులు ఉన్నారా అని ఆ ఫారం అడుగుతుంది. ఆ లెక్కలోకి భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువులతో పాటు కాబోయే జీవిత భాగస్వామి కూడా వస్తారు. నిశ్చితార్థం అయ్యాక అక్కడ "లేరు" అని రాస్తే అది అబద్ధమే.

ముహూర్తమే సాక్ష్యం

ఇక్కడే పెద్దవాళ్ల సలహా పూర్తిగా తలకిందులవుతుంది. మాఘమాసంలో విజయవాడలో పెళ్లి ఉంది, కల్యాణ మండపానికి అడ్వాన్స్ కట్టారు, శుభలేఖ అచ్చయింది, అబ్బాయి కూడా పెళ్లికి ఇండియా వస్తూ టికెట్ తీసుకున్నాడు. తిరిగి వెళ్తారనడానికి ఇంతకన్నా బలమైన ఆధారం ఏముంటుంది? నిశ్చితార్థం దాచిన అమ్మాయి తన చేతిలోని అతి మంచి రుజువును తానే పారేసుకుంటోంది. ఆ తర్వాత సూట్‌కేసులో పట్టుచీరలు, ఫోన్‌లో నిశ్చితార్థం ఫొటోలు కనబడితే వాటికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన స్థితి వస్తుంది.

కాకపోతే అమెరికా అధికారికి మన పెళ్లిళ్ల సంగతి తెలియకపోవచ్చు. "ఎంగేజ్డ్" అంటే ఆయన మనసులో మెదిలేది వేరు. రెండు కుటుంబాలు మాట్లాడుకుని సంబంధం ఖాయం చేశాయి, ఇద్దరం ఎనిమిది నెలలుగా వీడియో కాల్స్‌లో మాట్లాడుకుంటున్నాం, ప్రత్యక్షంగా రెండుసార్లే కలిశాం అంటే వింతగా అనిపించవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఉన్నది ఉన్నట్టుగా, రెండు మూడు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు. ప్రేమకథగా మలచబోతేనే తడబాటు వస్తుంది.

ఇంకో చిక్కు తెలుగువాళ్లలో మరీ ఎక్కువ. హెచ్-4 పని ముందుగా మొదలుపెట్టవచ్చని సంప్రదాయ వివాహానికి నెలల ముందే రిజిస్టర్ మ్యారేజ్ చేయిస్తారు. ఇంట్లో లెక్కలో ఆమె ఇంకా "పెళ్లికాని అమ్మాయే". కాగితం మీద మాత్రం వివాహిత. సరిహద్దు దగ్గర "ఫియాన్సే" అని చెప్పి, పత్రాల్లో వివాహ ధ్రువీకరణ కనబడితే అధికారికి అది అబద్ధంగానే తోస్తుంది. హిందూ వివాహ చట్టం కింద సంప్రదాయ తంతు లేకుండా రిజిస్ట్రేషన్ ఒక్కటే పెళ్లి కాదని 2024లో మన సుప్రీంకోర్టు చెప్పింది గానీ, ఆ ధర్మసూక్ష్మం ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర పనికిరాదు. పత్రం ఏం చెబుతుందో నోరూ అదే చెప్పాలి. వెళ్లేది కాపురానికైతే బీ-2 సరైన వీసా కాదు, హెచ్-4 వచ్చేదాకా ఆగడమే మంచిది.

ఏం అడుగుతారు

ఎవరి దగ్గర ఉంటారు, ఆయనేం చేస్తారు, ఏ వీసా మీద ఉన్నారు, ఎలా పరిచయం, ఎన్నిసార్లు కలిశారు, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎన్నాళ్లుంటారు, ఖర్చు ఎవరిది, ఇండియాలో ఏం చేస్తారు, ఇన్ని రోజుల సెలవు ఎలా దొరికింది. దాదాపు ఇంతే. కొన్ని నిమిషాల్లో అయిపోయే సంభాషణ ఇది. అడిగినదానికి సూటిగా చెప్పి ఆగాలి. తెలియనిది తెలియదనాలి. భాగస్వామి కంపెనీ పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు తెలియకపోతే మాత్రం బాగుండదు. అవసరమనుకుంటే అధికారులు ఆయనకే ఫోన్ చేసి అడగవచ్చు. ఇద్దరూ కూర్చుని ఒకే కథ బట్టీపట్టాల్సిన పని లేదు. తేదీలు, తిరుగు ప్రయాణం, పెళ్లి విషయంలో ఏమనుకుంటున్నారో ఇద్దరికీ స్పష్టంగా ఉంటే చాలు.

మూడు వారాలుంటానని చెప్పి టికెట్ ఐదు నెలల తర్వాతకు ఉంటే అనుమానం వస్తుంది. ఉద్యోగంలో ఉన్నవారికి సెలవు మంజూరు లేఖ, జీతం స్లిప్పులు పనికొస్తాయి. పెళ్లి కుదిరింది కదా అని అప్పటికే రాజీనామా చేసినవారి పరిస్థితి కష్టం. తిరిగి వెళ్లడానికి మిగతా కారణాలను బలంగా చూపించుకోవాలి తప్ప లేని ఉద్యోగం ఉందని చెప్పకూడదు. ఆఫీసు ల్యాప్‌టాప్ తీసుకెళ్లి "అక్కడి నుంచే పని చేసుకుంటా" అనడం ఇప్పుడు మామూలైంది. బీ-2 మీద ఉద్యోగం చేయకూడదు. హైదరాబాద్ కంపెనీ పనే కదా అన్న వాదన ఆ కౌంటర్ దగ్గర నెగ్గుతుందన్న భరోసా లేదు. సెలవు పెట్టి వెళ్లడం క్షేమం.

సామాను కూడా మాట్లాడుతుంది. మూడు వారాల ప్రయాణానికి డిగ్రీ సర్టిఫికెట్ల ఒరిజినల్స్, పదోతరగతి మార్కుల మెమో, రెజ్యూమె కాపీలు, ప్రెషర్ కుక్కర్, నాలుగు కాలాలకు సరిపడా బట్టలు ఎందుకని అడిగితే జవాబుండదు. (మాంసం పచ్చళ్ల జోలికి వెళ్లకపోవడం మంచిది, అది వేరే కౌంటర్‌లో వేరే గొడవ.)

ఫోన్ చూపించమని అడిగే అధికారం సీబీపీకి ఉంది. చాలా కొద్దిమందికే ఇది ఎదురవుతుంది. నిరాకరించిన విదేశీయులకు ప్రవేశం ఇవ్వకపోవచ్చు. సీబీపీ 2018 నిబంధనల ప్రకారం ఫోన్‌లో ఉన్నదాన్నే చూడాలి, ఇంటర్నెట్ ద్వారా వేరేచోట ఉన్నదాన్ని తెరవకూడదు. అందుకే ముందు నెట్‌వర్క్ ఆపేయమంటారు. ప్రయాణానికి ముందు చాట్‌లన్నీ చెరిపేయడం అంత తెలివైన పనేమీ కాదు. నిశ్చితార్థమైన అమ్మాయి ఫోన్‌లో కాబోయే భర్తతో ఒక్క మెసేజ్ కూడా లేకపోతే అదే ఓ ప్రశ్నవుతుంది. "వెళ్లాక ఇక తిరిగి రాను" లాంటి సరదా మెసేజ్‌ను మాత్రం ఎవరూ సరదాగా తీసుకోరు.

వెనుక గదికి పిలిస్తే

జవాబులు తృప్తినివ్వకపోతే సెకండరీ ఇన్‌స్పెక్షన్‌కు పంపుతారు. అక్కడ గంటలు పట్టవచ్చు. ఫోన్ వాడనివ్వకపోవచ్చు. ఈ దశలో లాయర్‌ను పక్కన పెట్టుకునే హక్కు సందర్శకులకు లేదు. ఇంగ్లిష్‌లో ఇబ్బంది ఉంటే దుభాషి కావాలని అడగాలి. సగం అర్థమైన ప్రశ్నకు "యస్" అనేయడం వల్లే కొన్ని కేసులు చెడతాయి. వాంగ్మూలం రాసుకుంటే ప్రతి పేజీ చదివి, తప్పుంటే దిద్దించాకే సంతకం చేయాలి. ఆ కాగితం తర్వాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ వెంట వస్తుంది.

అక్కడి నుంచి లోపలికి పంపవచ్చు. లేకపోతే దారులు ఇవి. ప్రవేశ దరఖాస్తును ఉపసంహరించుకుని తిరిగి వెళ్లడానికి అధికారి అనుమతిస్తే, వీసా రద్దయినా నిషేధం పడదు. ఇది హక్కు కాదు, అధికారి విచక్షణ. మర్యాదగా అడగడంలో తప్పులేదు. రెండోది ఎక్స్‌పెడైటెడ్ రిమూవల్. న్యాయమూర్తి ముందుకు వెళ్లకుండానే పంపించేస్తారు, ఐదేళ్ల నిషేధం ఉంటుంది. ఇక, ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పారని నమోదైతే అది శాశ్వత అనర్హత. మినహాయింపు కోరవచ్చు గానీ, దొరుకుతుందన్న హామీ లేదు. రేపు పెళ్లయి హెచ్-4కు దరఖాస్తు చేసినా, పదేళ్ల తర్వాత గ్రీన్ కార్డు వంతు వచ్చినా ఆ నమోదు ఎదురుగా నిలబడుతుంది. "పెదనాన్న వాళ్లిల్లు" అన్న ఒక్క మాట ఖరీదు అంత.

భాగస్వామి అమెరికా పౌరుడో గ్రీన్ కార్డుదారుడో అయితే మరో లెక్క ఉంది. బీ-2 మీద ప్రవేశించిన 90 రోజుల్లోపే పెళ్లి చేసుకుని అక్కడే కాపురం పెడితే, వచ్చేటప్పుడే అబద్ధమాడారని విదేశాంగ శాఖ భావించవచ్చు. 2017 నుంచి ఉన్న నియమం ఇది. 91వ రోజు నుంచి అంతా క్షేమమని దీనికి అర్థం కాదు. వచ్చిన రోజున మనసులో ఉన్న ఉద్దేశమే కొలమానం.

వేరే దేశాల్లో లెక్కలు వేరు. బ్రిటన్‌లో మామూలు విజిటర్ వీసా మీద పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు, మ్యారేజ్ విజిటర్ వీసా విడిగా తీసుకోవాలి. షెంగెన్ దేశాల్లో ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించి ఉండకూడదు. ఆస్ట్రేలియా విజిటర్ వీసా మీద 8503 అనే షరతు ఉంటే, అక్కడ ఉండగా చాలా రకాల వీసాలకు దరఖాస్తు చేసే వీలుండదు. కెనడా చట్టం మాత్రం, శాశ్వతంగా స్థిరపడాలన్న కోరిక ఉన్నంత మాత్రాన తాత్కాలికంగా రావడానికి అనర్హులు కారని సూటిగా చెబుతుంది. అక్కడ కూడా గడువులోగా తిరిగి వెళ్తారని అధికారికి నమ్మకం కలగాలి.

అమెరికాలో ప్రవేశం దొరికాక సీబీపీ వెబ్‌సైట్‌లో ఐ-94 తీసి చూసుకోవాలి. ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పేది అదే, వీసా మీది తేదీ కాదు. బీ-2కు సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు. పేరో తేదీయో తప్పు పడితే దగ్గర్లోని సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయంలో దిద్దించుకోవచ్చు. గడువు దాటి ఒక్కరోజు ఉన్నా ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెనక్కి వస్తే మూడేళ్లు, ఏడాది ఉంటే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు.