టోక్యో ఉయెనో పార్కులోని తోషోగు ఆలయం: కొన్ని చారిత్రక విశేషాలు

మన పత్రికలో కాశీ, రామేశ్వరం, చార్‌ధామ్ యాత్రల గురించి ఎన్నో వ్యాసాలు వచ్చాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చినవారి అనుభవాలూ చాలానే చదివాం. జపాన్ గురించి మాత్రం ఎవరూ రాసినట్లు లేదు. మా అమ్మాయి ఉద్యోగరీత్యా టోక్యోలో ఉన్నప్పుడు, 2018లో నేనూ నా శ్రీమతీ అక్కడ నెలన్నర గడిపాం. చూసినవాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆకాశాన్నంటే భవనాలు కావు, బుల్లెట్ రైలూ కాదు. నగరం నడిబొడ్డున ఉయెనో అనే పెద్ద పార్కులో చెట్ల మధ్య ఉన్న తోషోగు ఆలయం. అప్పటి నుంచి దాని చరిత్ర దొరికినంత మేరకు చదువుతూ వచ్చాను. సభ్యులకు ఆసక్తి కలిగిస్తుందన్న ఉద్దేశంతో ఆ విశేషాలు కొన్ని ఇక్కడ మనవి చేస్తున్నాను.

ముందుగా ఆ ఆలయంలోని దేవుడెవరో చెప్పాలి. ఆయన ఒకప్పుడు మనిషే. పేరు తొకుగవ ఇయెయసు. జననం 1543, మరణం 1616. చిన్నతనంలో కొన్నేళ్ళు శత్రువుల దగ్గర బందీగా పెరిగినవాడు. 1600లో సెకిగహర యుద్ధంలో ప్రత్యర్థులను ఓడించి, 1603లో షోగున్ పదవి అందుకున్నాడు. చక్రవర్తి క్యోటోలో పేరుకు చక్రవర్తిగా ఉంటాడు, పాలన అంతా షోగున్‌ది. ఇయెయసు రాజధానిగా ఎంచుకున్న ఎదో అనే ఊరే నేటి టోక్యో. ఆయన వంశం 15 తరాల షోగున్లతో 1868 వరకు ఏలింది. మరణానంతరం ఆయనను దేవుడిగా ప్రతిష్ఠించారు. తూర్పును వెలిగించే దైవం అనే అర్థం వచ్చేట్టు ఒక బిరుదు ఇచ్చారు, అందుకే ఆయన గుడులన్నిటికీ తోషోగు అని పేరు. వీటిలో పేరుమోసింది నిక్కో కొండల్లో ఉంది. వీరులను, ప్రభువులను గుడి కట్టి కొలవడం మనకు కొత్త కాదు కనుక నాకు ఇందులో వింతేమీ తోచలేదు.

ఉయెనోలో గుడి వెలసింది 1627లో. ఇయెయసుకు నమ్మకస్తుడైన తోదో తకతొర అనే సామంతుడి స్థలం అది. అవసానదశలో ఇయెయసు తకతొరను, తెంకై అనే బౌద్ధాచార్యుడిని పిలిపించి, మన ముగ్గురి ఆత్మలూ ఎప్పటికీ కలిసి ఉండే చోటు ఒకటి ఏర్పాటు చెయ్యమని కోరినట్లు ఆలయ కథనం. ఇప్పుడు మనం చూసే బంగారు రేకుల కట్టడం మాత్రం ఆయన మనుమడు ఇయెమిత్సు 1651లో కట్టించింది. నిక్కో దూరం, సామాన్య ప్రజలు వెళ్ళలేరు కనుక వారికి అందుబాటులో ఉండాలని దీన్ని అంత ఘనంగా కట్టించాడట. ఆ ఏడాదే ఇయెమిత్సు కూడా గతించాడు.

పార్కులోంచి వెళితే ముందు రాతి ద్వారం వస్తుంది. రెండు నిలువు స్తంభాలు, పైన రెండు అడ్డు దూలాలు. తోరీ అంటారు. చూడగానే మన తోరణమే గుర్తుకు వస్తుంది. ఇది 1633లో సకాయి తదయొ అనే సామంతుడు సమర్పించినది. 1923 నాటి మహా భూకంపంలో నగరమంతా కూలిపోయినా ఈ ద్వారం ఒరగలేదు.

అక్కడి నుంచి గుడిదాకా దారికి ఇరువైపులా రాతి దీపస్తంభాలు, రెండు వందలకు పైనే ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ కంచువి, అవి యాభైకి దగ్గర. ఇవి వెలుతురు కోసం పెట్టినవి కావు. పూజల్లో వాడే అగ్నిని శుద్ధి చెయ్యడానికి ఉద్దేశించినవి. దేశంలోని సామంతులందరూ వీటిని పంపారు. ఒక్కొక్కదాని మీద పంపినవాడి పేరు, హోదా, తేదీ స్పష్టంగా చెక్కి ఉన్నాయి. తొకుగవ వంశపు మూడు ప్రధాన శాఖల వారివి మాత్రం సరిగ్గా లోపలి ద్వారానికి అటూ ఇటూ, ఆరు. గణతంత్ర దినోత్సవం నాడు పెరేడ్ గ్రౌండులో ఎవరి కుర్చీ ఎక్కడ వెయ్యాలో తేలక ప్రొటోకాల్ లిస్టు మూడుసార్లు తిరగరాసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ కంచు వరుసల ముందు నిలబడితే, 1651లో ఈ క్రమం తేల్చడానికి ఎందరు గుమస్తాలు తంటాలు పడ్డారో అనిపించింది. బయటి ద్వారం దగ్గర పార్కులో విడిగా ఇంకొక రాతి దీపం ఉంది. ఆరు మీటర్ల ఎత్తు, దయ్యపు దీపం అని దాని పేరు. 1631 నాటిది.

లోపలి ద్వారం మీద రెండు చెక్క నాగులు ఉన్నాయి. డ్రాగన్లు అనాలేమో. హిదరి జింగొరో అనే శిల్పి చేతిపని అంటారు. హిదరి అంటే ఎడమ. రాత్రిపూట అవి కిందికి దిగి పక్కనున్న షినొబజు చెరువులో నీళ్ళు తాగి వస్తాయని జనం చెప్పుకునేవారు. వీటిలో తల పైకెత్తినది పైకి పోయే నాగు అనుకుంటాం. కాదు, తల దించుకున్నదే పైకి పోయేది. గొప్పవాడు తల వంచుకునే ఉంటాడన్న భావంతో అలా పిలుస్తారు. 2013లో పూర్తయిన మరమ్మతుల వల్ల ఆ బంగారమంతా కొత్తగా మెరుస్తోంది. మా శ్రీమతికి అది కొంచెం ఎక్కువైనట్లు తోచింది.

ఆవరణలో మరో చిన్న గుడి ఉంది. అందులో తనుకి అనే నక్కలాంటి జంతువుకు పూజ. తనను ఉంచుకున్న ఇళ్ళన్నిటికీ అరిష్టం తెచ్చిన ఈ తనుకి ఇక్కడికి చేరాక మాత్రం అదృష్టదేవత అయింది. ఆ పేరును విడదీస్తే ఇతరులను దాటిపోవడం అనే అర్థం వస్తుంది గనక పరీక్షలకు కూర్చునే పిల్లలు మొక్కుకుంటారు. డిపార్ట్‌మెంటల్ టెస్టులు నాలుగైదుసార్లు రాసిన మన మిత్రులకు ఈ సంగతి ముప్పై ఏళ్ళు ఆలస్యంగా తెలిసింది.

ఇక ఈ ఆలయం తప్పించుకున్న గండాల గురించి చెప్పాలి. ఉయెనో కొండ మొత్తం అప్పట్లో కన్ఎయిజి అనే పెద్ద బౌద్ధక్షేత్రం. 1625లో తెంకై స్థాపించాడు. షోగున్లలో ఆరుగురి సమాధులు అక్కడే ఉన్నాయి. 1868లో షోగున్ పాలన కూలి, చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం వచ్చింది. ఆఖరి షోగున్ యొషినొబు ఎదిరించకుండా ఇదే కన్ఎయిజిలో స్వయంగా నిర్బంధం విధించుకుని కూర్చున్నాడు. కోట కూడా రక్తపాతం లేకుండా అప్పగించారు. కానీ షోగితాయి అనే దళంగా ఏర్పడిన సుమారు 2,000 మంది పాత ఉద్యోగులు, సైనికులు లొంగక కొండమీద ఉండిపోయారు. జులై 4న ప్రభుత్వ సేనలు చెరువు అవతలి నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగులు పేల్చాయి. ఒక్క రోజులో అంతా ముగిసింది. క్షేత్రం చాలావరకు బూడిదైంది. తోషోగు మిగిలింది.

చనిపోయిన షోగితాయి వారిని వెంటనే పూడ్చనివ్వలేదు. తర్వాత ఒక బౌద్ధాచార్యుడు పూనుకుని దహనం చేయించాడు. కొన్నేళ్ళకు సమాధి కట్టుకోవడానికి అనుమతి వచ్చింది గానీ, ఆ పెద్ద రాయి మీద షోగితాయి అన్న మాట లేదు. యుద్ధంలో మరణించినవారి సమాధి అని మాత్రమే రాసి ఉంది. కొత్త ప్రభుత్వానికి జంకి పేరు రాయలేదు. ఆ సమాధికి ఎదురుగా కొద్ది అడుగుల దూరంలో, వారిని ఓడించిన సేనాని సైగో తకమొరి విగ్రహం కుక్కను పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ సైగో కూడా 1877లో అదే ప్రభుత్వం మీద తిరగబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. 1889లో క్షమించారు, 1898లో విగ్రహం పెట్టారు. ఉయెనోకు వచ్చినవాళ్ళంతా విగ్రహం దగ్గర ఫొటోలు తీసుకుంటారు. వెనక సమాధి దగ్గర మేము ఉన్నంతసేపూ ఇంకెవరూ రాలేదు.

రెండవ గండం కాగితం మీద వచ్చింది. కొత్త ప్రభుత్వం షింటో, బౌద్ధం కలిసి ఉండరాదని ఉత్తర్వు చేసింది. అంతవరకు రెండూ కలిసే ఉండేవి. షింటో ఆలయాల్లో ఉన్న బౌద్ధ గోపురాలను పడగొట్టడం మొదలైంది. తోషోగుకు 1639 నాటి అయిదంతస్తుల గోపురం ఉంది. అప్పటి ప్రధానార్చకుడు అది మా ఆలయానిది కాదు, కన్ఎయిజి వారిదని ప్రభుత్వానికి రాసిచ్చాడు. గోపురం బతికింది. 1958లో కన్ఎయిజి దాన్ని టోక్యో నగరపాలనకు ఇచ్చేసింది. ఇప్పుడది కంచె అవతల, జంతు ప్రదర్శనశాల ఆవరణలో నిలబడి ఉంది. నలభై ఏళ్ళు నోటు ఫైళ్ళు రాసినవాడిగా చెబుతున్నాను, ఒక్క కాగితంతో ఇంత మేలు చేసిన ఉదాహరణలు నాకు ఎక్కువ తెలియవు.

కాలిన కొండమీద వైద్య కళాశాల కట్టాలని ప్రభుత్వం అనుకుంది. బౌదువాన్ అనే డచ్చి డాక్టరు, ఇంత మంచి అడవిని పాడు చేయవద్దు, పార్కుగా ఉంచండని సలహా ఇచ్చాడు. 1873లో పార్కుగా ప్రకటించారు. నూరేళ్ళు నిండిన సందర్భంలో 1973లో కృతజ్ఞతగా ఆయన విగ్రహం పెట్టారు. తీరా చూస్తే అది ఆయన సోదరుడి ముఖం! ఫొటోలు తారుమారయ్యాయి. 2006లో సరైన విగ్రహం పెట్టారు. ఫైలు తప్పు దిద్దడానికి 33 ఏళ్ళు పట్టిందన్నమాట.

1923 సెప్టెంబరు 1 భూకంపంలో ఇళ్ళు కాలిపోయినవాళ్ళు లక్షల్లో ఉయెనో కొండకు చేరారు. తప్పిపోయిన తమవారి పేర్లు చీటీల మీద రాసి సైగో విగ్రహం నిండా అంటించారు. ఆ ఫొటో చూసినప్పుడు 1977 దివిసీమ ఉప్పెన గుర్తుకు వచ్చింది. అప్పుడు నేను జూనియర్‌ని, గ్రామాలవారీగా మృతుల జాబితాలు రాసే పని మీద పంపారు. 1945లో విమానదాడుల్లో కూడా ఒక బాంబు తోషోగు గుడి వెనకనే పడింది, పేలలేదని ఆలయంవారు చెబుతారు.

కొండ కింద చెరువు మధ్య ద్వీపంలో బెంతెన్ గుడి ఉంది. బెంతెన్ అంటే ఎవరో కాదు, మన సరస్వతి. బౌద్ధంతోపాటు చైనా మీదుగా జపాన్ చేరింది. చేతిలో వీణ బదులు బివ అనే వాద్యం ఉంటుంది. ఈ గుడి 1945 దాడిలో కాలిపోయి 1958లో తిరిగి లేచింది. యుద్ధకాలంలో తిండిలేక ఈ చెరువును ఎండగట్టి వరి నాటారు. ఇప్పుడు తామరలు.

జంతుశాల సంగతి చెప్పకుండా ముగించలేను. 1882లో తెరిచిన ఈ జంతుశాలలో 1943 నాటికి మూడు ఏనుగులు ఉండేవి. జాన్, తొంకి 1924లో మన దేశం నుంచి వెళ్ళినవి. హనకొ సయాం నుంచి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో టోక్యో గవర్నరు ఒదచి షిగెఒ, బాంబులు పడితే జంతువులు తప్పించుకుంటాయి, ప్రమాదకరమైన వాటన్నిటినీ చంపండని ఆజ్ఞ ఇచ్చాడు. అప్పటికి టోక్యో మీద భారీ దాడులు మొదలే కాలేదు, అవి వచ్చింది 1944 నవంబరులో. యుద్ధం ఎంత దగ్గరికి వచ్చిందో ప్రజలకు తెలియాలన్నదే అసలు ఉద్దేశమని చరిత్రకారులు అంటారు. తాత్కాలిక డైరెక్టరు ఫుకుద సబురో, తొంకిని సెందాయి జంతుశాలకు పంపించే ఏర్పాటు చేసుకున్నాడు. గవర్నరు ఒప్పుకోలేదు. విషం పెట్టిన బంగాళాదుంపలను ఏనుగులు వాసన చూసి విడిచిపెట్టాయి. చివరికి తిండి, నీళ్ళు ఆపేశారు. తిండి పెడతారేమోనన్న ఆశతో, నేర్పిన ఆటలు తమంతట తాము చేసి చూపేవట. జాన్ ఆగస్టు 29న పోయింది. సెప్టెంబరు 4న అధికారులు, అర్చకులు, బడిపిల్లలు కూడి సంస్మరణ సభ జరిపారు. అప్పటికి హనకొ, తొంకి ఇంకా బతికే ఉన్నాయి. వాటిని కనపడకుండా తెర కట్టారు. హనకొ 11న, తొంకి 23న చనిపోయాయి.

పైనుంచి వచ్చిన ఆజ్ఞను అమలు చేసే కుర్చీలోనే మనమంతా జీవితం గడిపాం. నేను ఆ ఫుకుద గురించి చాలాసార్లు ఆలోచించాను. ఆయన పైవారికి రాశాడు, ప్రత్యామ్నాయం చూపాడు, కాదన్నాక పని చేశాడు. సంతకం పెట్టినవాడు ఏనుగుల ఎదుట నిలబడనక్కరలేదు, కింద ఉన్నవాడు రోజూ వాటి కళ్ళలోకి చూడాలి. ఆయన రాజీనామా చేసి వెళ్ళిపోవలసిందని మా అమ్మాయి అంది. "వెళితే ఇంకొకరు చేసేవారమ్మా" అన్నాను. "అందరూ అలాగే అంటారు నాన్నా" అంది. నా దగ్గర జవాబు లేదు.

యుద్ధం ముగిశాక టోక్యో పిల్లలు తమకు ఏనుగు కావాలని మన ప్రధాని నెహ్రూగారికి ఉత్తరాలు రాశారు. 1949 సెప్టెంబరులో మైసూరు నుంచి ఒక ఆడ ఏనుగు ఉయెనో చేరింది. నెహ్రూగారు దానికి తమ కుమార్తె పేరే పెట్టారు, ఇందిర. 1957లో ఆయన జపాన్ వెళ్ళినప్పుడు కుమార్తెతో సహా ఉయెనోకు పోయి ఏనుగును పలకరించి వచ్చారు. 1983లో అది చనిపోయేవరకు, 34 ఏళ్ళు, అక్కడే పిల్లల మధ్య ఉంది.

పిల్లలు టోక్యోలో ఉన్న సభ్యులకు ఒక సూచన. ఉయెనో రైల్వే స్టేషనులో పార్కు వైపు ద్వారం గుండా బయటికి వస్తే ఆలయానికి నడిచే వెళ్ళవచ్చు, ఎక్కడికక్కడ కూర్చోవడానికి బెంచీలున్నాయి. దీపస్తంభాల వరకు ఉచితం, బంగారు ద్వారం లోపలికి టిక్కెట్టు ఉంటుంది. జంతుశాలకు సోమవారం సెలవు. షోగితాయి సమాధికి దారి సైగో విగ్రహం వెనకగా ఉంది.