జీపుకి వెన్నెముక మార్చాలా?

ఇనుముతో కాపురం చేసే ఆడదానికి తుప్పు సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. కడిగిన అట్లపెనానికి కాస్త నూనె రాయకుండా పక్కన పెడితే తెల్లారేసరికి ఎర్రటి పొర కట్టేస్తుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు పెడితే చిలుము వాసన కొడుతుంది. ఇక జింకు బకెట్టు ఉందే, అది పైకంతా నిక్షేపంలా ఉంటుంది. ఓ శుభముహూర్తాన అడుగు మాత్రం ఊడి నేలమీద ఉండిపోతుంది. ఏ వస్తువైనా పోవడం మొదలుపెట్టేది మనం చూడని వైపు నుంచే.

అందుకే భీమిలి నుంచి మా పెద్దక్కయ్య ఫోన్ చేసి, "జీపుకి అడుగున ఫ్రేమంతా తుప్పు తినేసిందిటే. మొత్తం మార్చాలంటున్నాడు మావాడు" అన్నప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. సముద్రపు గాలి ఇనుముని ఊరికే వదులుతుందా? ఆ జీపు మా బావగారిది. జీడిమామిడి తోటకి వెళ్ళాలన్నా, అర్ధరాత్రి ఊళ్ళో ఎవరికైనా నొప్పులొచ్చినా అదే బండి. ఆయన పోయి మూడేళ్ళయింది. అబ్బాయికి అది నాన్న బండి. అక్కయ్యకేమో వర్షాలొచ్చేలోగా ఇంటి కప్పు బాగుచేయించాలి. ఉన్న డబ్బు రెండింటికీ చాలదు. "తుక్కు కింద అమ్మేద్దామంటే వాడి మొహం చూడలేను. నువ్వు పుస్తకాలు చదువుతావుగా, ఏది మంచిదో చెప్పు" అంది.

నవలలు రాసుకునే దానికి జీపుల సంగతేం తెలుస్తుంది? కానీ చరిత్ర చదువుకున్న ప్రాణం ఊరుకోదు కదా! నాలుగు రోజులు అదే పనిగా కూర్చుని చదివాను. చదివితే తెలిసింది, మా అక్కయ్య ప్రశ్న మా అక్కయ్య ఒక్కదానిదే కాదని.

ముందు ఫ్రేమంటే ఏమిటో చెప్పుకుందాం. మెకానిక్కులు ఛాసిస్ అంటారే, అదే. రెండు పొడుగాటి ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డకమ్మీలు. నేలమీద పడుకోబెట్టిన నిచ్చెన అనుకోండి. ఇంజను, చక్రాలు, స్టీరింగు, మనం కూర్చునే సీట్లు అన్నీ దానిమీద ఆధారపడ్డవే. మామూలు కార్లలో చాలావాటికి ఇలాంటి విడి నిచ్చెన ఉండదు, ఒళ్ళంతా ఒకే పెట్టె. రాళ్ళూ రప్పలూ ఎక్కి దిగే బండికి మాత్రం ఈ నిచ్చెనే బలం. విడిగా ఉంది కాబట్టే దాన్ని విడిగా మార్చాలన్న ఆలోచనా వచ్చింది.

ఈ జాతి బండ్లకి మూలపురుషుడు జీపు. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలని కంపెనీలని అడిగి, నమూనా చూపించడానికి ఇచ్చిన గడువు 49 రోజులు. మన ఇళ్ళల్లో పెళ్ళిపనులకి కూడా చాలదు ఆ వ్యవధి! బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులోనే చేసి చూపించింది. పేరూ, పెద్ద ఆర్డర్లూ మాత్రం విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ దక్కాయి. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి ఆరు లక్షల పైచిలుకు జీపులు తయారుచేశాయి. రేపు బతికుంటుందో లేదో తెలియని బండి ముప్ఫై ఏళ్ళకి తుప్పు పడుతుందా అని అప్పుడెవరు ఆలోచిస్తారు?

మనదేశానికి జీపుని తెచ్చిన కంపెనీ 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలైంది. అప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశ విభజన తర్వాత భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కి మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో ఇక్కడి కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. దేశం రెండు ముక్కలైనా జీపు మాత్రం అతుకు లేకుండా నడిచింది. మన పల్లెల్లో జీపు శబ్దం వినిపించిందంటే తాసీల్దారైనా రావాలి, ఎన్నికల మైకైనా రావాలి.

ఇక అసలు కథ ఇంగ్లండులో ఉంది. రోవర్ కంపెనీలో మారిస్ విల్క్స్ అనే ఇంజనీరుకి ఆంగ్లసీ ద్వీపంలో పొలం ఉండేది. పొలం పనులకి యుద్ధంలో మిగిలిపోయిన జీపొకటి వాడుకునేవాడు. ఇలాంటిది మనమే చేస్తే పోదా అనుకున్నాడు. 1947లో చేసిన మొదటి నమూనా జీపు ఛాసిస్ మీదే నిలబడింది. 1948 ఏప్రిల్ 30న ఆంస్టర్‌డామ్ ప్రదర్శనలో ల్యాండ్ రోవర్ లోకానికి కనిపించింది. అప్పుడక్కడ ఉక్కుకి రేషను. అందుకని పై తొడుగంతా అల్యూమినియం మిశ్రమంతో చేశారు. అడుగున నిచ్చెన మాత్రం ఉక్కుదే.

ఫలితం ఏమిటో మీరే ఊహించగలరు. పైన అల్యూమినియానికి ఎర్ర తుప్పు పట్టదు. అడుగున డొల్లగా ఉన్న ఉక్కు దూలాల్లోకి బురదా నీళ్ళూ వెళతాయి, బయటికి రావు. లోపల్నించే తినుకుంటూ వస్తుంది తుప్పు. నలభై ఏళ్ళ బండి కళకళలాడుతూనే ఉంటుంది, కింద సుత్తితో కొడితే సుత్తి లోపలికి దిగిపోతుంది. అందుకే బ్రిటన్‌లో ఆ బండ్లకి కొత్త ఛాసిస్‌లు చేసి అమ్మడమే ఒక వ్యాపారమైంది. కొనేవాళ్ళు ముఖ్యంగా అడిగేది జింకు పూత వేసినవి.

జింకంటే మన తుత్తునాగమే. దీని చరిత్రలో మనకీ గొప్ప వాటా ఉంది. కొలిమిలో వేడెక్కితే ఆవిరై ఎగిరిపోయే లోహం ఇది, పట్టుకోవడం కష్టం. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర జావర్‌లో మనవాళ్ళు వందల ఏళ్ళ క్రితమే ఆ ఆవిరిని కిందికి దింపి చల్లార్చి జింకు తీశారు. అందుకు వాడిన మట్టి మూసలు అచ్చం వంకాయల్లా ఉంటాయి. రసరత్నసముచ్చయంలో వాటి పేరు కూడా వృంతాక మూస, అంటే వంకాయ మూసే! ఇంగ్లండులో విలియం ఛాంపియన్ జింకు తీసే పద్ధతికి పేటెంటు పొందింది 1738లో. ఇనుముని కరిగిన జింకులో ముంచి తీసే పద్ధతికి ఫ్రాన్సులో సోరెల్ పేటెంటు తీసుకున్నది 1837లో. ఈ పూతలో ఓ విచిత్రం ఉంది. ఎక్కడైనా గీత పడి ఇనుము బయటపడితే, ముందు జింకు తను కరిగిపోతుంది, ఇనుముని పోనివ్వదు. ఇంటికి పెద్దకోడలి లాంటిదన్నమాట.

మరి కొత్త కాలపు బండ్లకి ఈ బాధ లేదా అంటే, ఉంది. అమెరికాలో మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. చలికాలం పోగానే అక్కడున్న మన పిల్లలు కారు అడుగుభాగం కడిగించేది అందుకే. అక్కడ టయోటా వారి టకోమా పికప్ బండ్లకి ఫ్రేములు చిల్లులు పడ్డాయి. 2008లో కంపెనీ 1995 నుంచి 2000 దాకా తయారైన బండ్లని పరీక్షించి, మరీ పాడైనవాటిని బజారు ధరకి ఒకటిన్నర రెట్లిచ్చి వెనక్కి తీసుకుంది. 2016లో కోర్టు వ్యవహారం రాజీకి వచ్చినప్పుడు టకోమాతో పాటు మరో రెండు రకాలు కలిపి సుమారు 15 లక్షల బండ్లు లెక్కకొచ్చాయి. ఒక్కో ఫ్రేము మార్పుకి 15,000 డాలర్ల దాకా అవుతుందని అంచనా వేశారు. అంటే కొన్నేళ్ళు తిరిగిన బండికి బండి ఖరీదంత వైద్యం!

ఇంకో చిక్కు ప్రశ్న. వెన్నెముకే మార్చేశాక అది పాత బండేనా? గ్రీకులు ఇలాంటి చర్చే థీసియస్ అనే వీరుడి ఓడ మీద చేశారని ప్లూటార్క్ రాశాడు. కుళ్ళిన చెక్కలు ఒక్కొక్కటే మారుస్తూ ఎథెన్సు వాళ్ళు దాన్ని కాపాడుకున్నారు. అదే ఓడ అని కొందరు, కాదని కొందరు. వేదాంతులకి అది తేలలేదు గాని మన ఆర్.టి.ఓ. ఆఫీసు వారికి సందేహం లేదు. వారి కాగితాల్లో బండి అంటే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు. అనుమతి లేకుండా ఫ్రేము మారిస్తే ఆ కాగితానికీ మన బండికీ చుట్టరికం తెగిపోతుంది. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి వెళితే ఆ సంగతి బయటపడనే పడుతుంది.

ఇవన్నీ చదివాక అక్కయ్యకి ఇలా చెప్పాను. అమ్ముదామనుకుంటే ఫ్రేము మార్చకు, పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఇంజనూ, గేరుబాక్సూ, ఇరుసులూ గట్టిగా ఉండి, ఇంకో పదిహేనేళ్ళు తోటకి తిరగాలనుంటే మార్చు. ఏటేటా వెల్డింగు షాపులో మాట్లు వేయించుకునే కన్నా అదే నయం. స్ప్రింగులు పట్టే చోటా, స్టీరింగు బిగించే చోటా తుప్పు తిన్నదంటే మాత్రం ఒక్క రోజు కూడా నడపనివ్వకు. పైన రంగు కొట్టి కప్పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. ఈ ఏడు ఇంటి కప్పు వేయించు. జీపుని షెడ్డులో ఉంచు. వచ్చే ఏడు అనుమతి కాగితాలతో సహా, జింకు పూతతో సహా చేయిద్దురుగాని. ఒక్క ఏడాది ఆగితే బావగారేమీ అనుకోరు.

చివరగా ఒక్క ముచ్చట. ప్రజలకి అమ్మకానికి ముందు రోవర్ వాళ్ళు 48 ల్యాండ్ రోవర్లు చేసుకున్నారు. వాటి ఛాసిస్‌లకి జింకు పూత వేశారు. అమ్మకానికి వచ్చిన వాటికి ఖర్చు తగ్గించి రంగుతో సరిపెట్టారు. ఆంస్టర్‌డామ్‌లో నిలబడ్డ బండి ఆ 48లోదే. ఇరవై ఏళ్ళు వేల్స్‌లో ఓ పొలంలో పడి ఉండి, తర్వాత ఓ ఇంటి తోటలో దొరికింది. 2018లో కంపెనీ, అప్పటికే అది మన టాటా వారిది, దాన్ని మళ్ళీ నడిపిస్తామని ప్రకటించింది. ఆనాడు మిగుల్చుకున్న నాలుగు డబ్బుల జింకు కోసం డెబ్బై ఏళ్ళు దాటాక కూడా ఎందరో కొత్త ఛాసిస్‌లు కొంటూనే ఉన్నారు.

మీ పెరట్లో జింకు బకెట్టుందా? ఉంటే ఈ ఆదివారం ఓసారి బోర్లించి చూడండి.