గుర్రం, ఎలుక, కుందేలు: మానసిక చికిత్సకు మూడు పసి భయాల సాక్ష్యం

మనోవిజ్ఞాన సంప్రదాయాల గురించి చెప్పేటప్పుడు మనోవిశ్లేషణ, ప్రవర్తనావాదం, మానవతావాదం, సంజ్ఞానాత్మక దృక్పథం అని వరసగా పేర్లు చదవడం మనకు అలవాటు. పరీక్షలకు ఆ వరస సరిపోతుంది గానీ, వాటి మధ్య తగువు ఎక్కడుందో దానివల్ల తెలియదు. తెలియాలంటే అన్నిటినీ ఒకే బాధ ముందు కూర్చోబెట్టాలి. చిన్నపిల్లల భయం అలాంటి బాధ. 1909 నుంచి 1924 దాకా పదిహేనేళ్లలో ముగ్గురు పిల్లల భయాల మీద మూడు పత్రాలు వెలువడ్డాయి. మొదటి రెండిటికి వచ్చిన పేరు మూడోదానికి రాలేదు. చికిత్స వైపు నుంచి చూస్తే ఆ మూడోదే అన్నిటికన్నా విలువైనదని ఈ వ్యాసం వాదన.

మొదటి పిల్లవాడు వియన్నాకు చెందిన అయిదేళ్ల హాన్స్. గుర్రం కరుస్తుందన్న భయంతో వీధిలోకి రావడానికే జంకేవాడు. 1909లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ప్రచురించిన ఈ వృత్తాంతంలో రోజూ పిల్లవాడితో మాట్లాడింది ఫ్రాయిడ్ కాదు, తండ్రి, సంగీత విమర్శకుడు మాక్స్ గ్రాఫ్. ఆయన కొడుకు మాటలు రాసి పంపేవాడు, ఫ్రాయిడ్ దారి చూపేవాడు. చికిత్స జరిగినంత కాలంలో ఫ్రాయిడ్ పిల్లవాణ్ణి చూసింది ఒక్కసారే. గుర్రం నోటి దగ్గర నలుపు తండ్రి మీసాన్ని, కళ్ల దగ్గర కట్టినవి తండ్రి కళ్లద్దాలను తలపిస్తున్నాయనీ, అసలు భయం తండ్రి మీదేననీ ఆయన తేల్చాడు. బండి లాగే గుర్రం ఒకటి కూలబడి కాళ్లు కొట్టుకోవడం హాన్స్ కళ్లారా చూశాడని కూడా ఆ పత్రంలోనే ఉంది. 1960లో జోసెఫ్ వోల్పే, స్టాన్లీ రాక్‌మన్ ఈ విషయాన్నే పట్టుకుని ఫ్రాయిడ్ వ్యాఖ్యానాన్ని తోసిపుచ్చారు. వారి అభ్యంతరం న్యాయమైనదే. అయినా పసివాడి మాటను కొట్టిపారేయకుండా, దానికి అర్థం ఉంటుందని నమ్మి పూసగుచ్చినట్టు రాసుకోవడం ఆ కాలానికి చిన్న సంగతి కాదు. పెద్దవాడైన హాన్స్ తనను కలిసిన సంగతి ఫ్రాయిడ్ 1922లో రాశాడు. ఆ యువకుడికి తన చిన్ననాటి భయం ఏమాత్రం గుర్తులేదు.

రెండో కథ చదవడం కష్టం. 1920లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నుంచి ప్రవర్తనావాది జాన్ వాట్సన్, రోజలీ రేనర్ ప్రచురించిన ప్రయోగం అది. అందులోని పసివాడు ఆల్బర్ట్. తొమ్మిది నెలల వయసులో వాడికి తెల్ల ఎలుకంటే ఏ భయమూ లేదు. పదకొండో నెలలో, వాడు ఎలుక మీద చెయ్యి వేసేసరికి వెనక నుంచి ఉక్కు కడ్డీ మీద సుత్తితో కొట్టారు. అలా కొన్నిసార్లు జరిగాక, శబ్దం లేకపోయినా ఎలుకను చూస్తేనే ఏడ్చాడు. కుందేలునూ కుక్కనూ బొచ్చు కోటునూ చూసి కూడా బెదిరాడు. నేర్పిన భయాన్ని మాన్పకముందే ఆల్బర్ట్‌ను అక్కణ్ణుంచి తీసుకెళ్లిపోయారు. భయాన్ని నేర్పవచ్చని రుజువైంది, దాని ఖరీదు మాత్రం ఓ పసిబిడ్డ చెల్లించాడు. ఏ సిద్ధాంతం పేరుతోనూ ఈ పనిని సమర్థించకూడదు.

మూడో పిల్లవాడు పీటర్. వయసు రెండేళ్ల పది నెలలు. ఎలుక, కుందేలు, బొచ్చు కోటు, ఈక, దూది, అన్నీ భయమే. ఈసారి భయం ప్రయోగశాలలో పుట్టించింది కాదు, వాడు వెంట తెచ్చుకున్నది. దాన్ని పోగొట్టడానికి పూనుకున్న మేరీ కవర్ జోన్స్ వాట్సన్ సలహాలతో పనిచేసింది. 1924లో పత్రం అచ్చువేసింది.

ఆమె మొదట కుందేలంటే భయంలేని ముగ్గురు పిల్లలను పీటర్‌తో ఆడనిచ్చింది. వాళ్లను చూసి పీటర్ కొంచెం కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు. ఇంతలో స్కార్లెట్ జ్వరం వచ్చి రెండు నెలలు ఆస్పత్రి పాలయ్యాడు. తిరిగి వస్తూ టాక్సీ ఎక్కబోతుంటే పెద్ద కుక్క ఒకటి మీదికి దూకింది. పని మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు జోన్స్ దారి మార్చింది. పీటర్‌ను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెట్టి, వాడు తినడం ఆపనంత దూరంలో కుందేలు పంజరం ఉంచేది. రోజురోజుకూ కాస్త దగ్గరకు జరిపేది. పన్నెండు అడుగులు, నాలుగు, మూడు, చివరకు పక్కనే. ఇలా పదిహేడు మెట్లు నమోదు చేసింది. మొదటి మెట్టులో గదిలో ఏ మూల కుందేలున్నా భయమే. ఆఖరి మెట్టులో కుందేలు తన వేళ్లు కొరుకుతుంటే పీటర్ కొరకనిచ్చాడు. దూది, ఈకలు, కోటు మీద ఉన్న భయాలు కూడా వాటంతట అవే పోయాయి.

ఈ చిన్న పత్రంలో తర్వాతి కాలపు చికిత్సలు విత్తనాల్లా కనిపిస్తాయి. తిండి స్థానంలో కండరాల సడలింపును పెట్టి, భయాలను మెట్లుగా పేర్చి, 1958లో వోల్పే తన పద్ధతిని గ్రంథంగా తెచ్చాడు. భయంలేనివారిని చూసి నేర్చుకోవడం 1960ల్లో ఆల్బర్ట్ బందూరా పరిశోధనకు ముఖ్య విషయమైంది. ఇంకో వివరం ఉంది, నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అదే. ఒకనాడు గదిలోకి పీటర్‌కు ఎంతో ఇష్టమైన ఒక సహాయకుడు వచ్చాడు. వాడు ఆయన్ని నాన్న అనే అనేవాడు. ఆయన కుందేలు గురించి ఏమీ బోధించలేదు. ఊరికే ఆయన అక్కడ ఉండటమే పిల్లవాడికి నిబ్బరం ఇచ్చి ఉండవచ్చని జోన్స్ రాసుకుంది. మనిషి మారాలంటే చికిత్సకుడి నిజాయతీ, షరతుల్లేని ఆదరణ, ఎదుటివారి లోపలి నుంచి అర్థం చేసుకునే గుణం అవసరమని మానవతావాది కార్ల్ రోజర్స్ చెప్పింది 1957లో. ప్రవర్తనావాదుల ప్రయోగశాలలోనే దాని ఛాయ ముప్పై మూడేళ్ల ముందు నమోదైంది.

మాటతో భయం పోతుందా అన్నదీ జోన్స్ పరీక్షించింది. ఒక పాపకు వారం పాటు కుందేళ్ల కబుర్లు చెప్పారు, బొమ్మలు చూపారు. పాప ఉత్సాహంగా కబుర్లాడింది. కుందేలు ఎదురుపడగానే మళ్లీ అదే భయం. ఆరోన్ బెక్ 1960ల్లో తీర్చిదిద్దిన సంజ్ఞానాత్మక చికిత్స ఆలోచనలను ప్రశ్నించి ఊరుకోదు, వాటిని జీవితంలో పరీక్షించి చూసుకోమని రోగికి పని అప్పగిస్తుంది. ఎందుకో ఆ పాప ఉదంతం చెబుతోంది.

తిండితో భయం మాన్పే పద్ధతి చాలా సున్నితమైనదని జోన్స్ హెచ్చరించింది. అజాగ్రత్తగా చేస్తే ఫలితం తారుమారై, తిండిని చూస్తేనే భయపడే స్థితి రావచ్చంది. మన ఇళ్లలో అన్నం పెట్టే వేళ ఈ మాట గుర్తు రావాలి. ముద్ద నోట్లో పెట్టుకోకపోతే బూచాడికి పట్టిస్తామని, సూది మందు వేయిస్తామని బెదిరిస్తాం. పీటర్ భయాన్ని తీసేసిన ఆ తిండిపళ్లెం దగ్గరే మనం భయాన్ని వడ్డిస్తున్నాం. తల్లులకూ నాన్నమ్మలకూ అంగన్‌వాడీ టీచర్లకూ నా విన్నపం ఒక్కటే: అన్నం దగ్గర బూచాడి పేరు ఎత్తకండి.